మైనస్ ఒకటే, జవాబులు మూడు: యూనరీ ఆపరేటర్లు లోపల ఎలా పనిచేస్తాయి

క్లుప్తంగా: ఒకే ఒక్క విలువ మీద పనిచేసే ఆపరేటర్‌ని యూనరీ ఆపరేటర్ అంటారు. -, +, !, ~, ++, -- ఇవన్నీ ఆ బాపతే. చూడ్డానికి చిన్న గుర్తులే గానీ రెండు విషయాల్లో భాషకీ భాషకీ తేడా వస్తుంది. పక్కన ఇంకో ఆపరేటర్ ఉంటే ముందు ఏది పనిచేయాలి అనేది ఒకటి. విలువ ఇచ్చి ఊరుకుంటుందా, లేక వేరియబుల్‌ని కూడా మార్చేస్తుందా అనేది రెండోది. బగ్‌లు చాలావరకు ఈ రెండు చోట్లే పుడతాయి.

ఎక్సెల్‌లో 4, పైథాన్‌లో -4

ఎక్సెల్ తెరిచి ఏదో ఒక సెల్‌లో =-2^2 అని కొడితే 4 వస్తుంది. పైథాన్‌లో -2 ** 2 (^, ** రెండూ పవర్ గుర్తులే) అని కొడితే -4 వస్తుంది. అదే లైను జావాస్క్రిప్ట్‌లో రాస్తే అసలు జవాబే రాదు, సింటాక్స్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మూడింటిలో ఏదీ పొరపాటున జరిగింది కాదు, ఎవరి రూల్ ప్రకారం వాళ్ళు కరెక్టే.

చాలామంది -2 అనేది ఒకే అంకె అనుకుంటారు, స్కూల్లో నంబర్ లైన్ మీద అలాగే చూశాం కాబట్టి. కానీ ఎక్కువ భాషల్లో కంపైలర్ ఆ లైను చదివేటప్పుడు దాన్ని రెండు ముక్కలుగా చూస్తుంది: ముందు మైనస్ అనే గుర్తు, తర్వాత 2 అనే అంకె. అంటే -2 ** 2 లో రెండు పనులున్నాయి, ఒకటి గుర్తు తిప్పడం, ఇంకోటి స్క్వేర్ చేయడం. ఏది ముందు చేయాలో చెప్పేదే ప్రెసిడెన్స్ పట్టిక. పైథాన్ పట్టికలో పవర్‌ది పైచేయి, కాబట్టి ముందు 2 స్క్వేర్ అయ్యి 4 అవుతుంది, దానికి మైనస్ తగిలి -4 అవుతుంది, లెక్కల పుస్తకాల్లో ఉన్న పద్ధతి కూడా ఇదే. ఎక్సెల్ పట్టికలో మైనస్‌దే పైచేయి, ముందు -2 తయారవుతుంది, తర్వాత స్క్వేర్.

ఇంకా తికమక పెట్టేది ఏంటంటే ఎక్సెల్‌లోనే =0-2^2 అని కొడితే -4 వస్తుంది, ఎందుకంటే అక్కడి మైనస్‌కి ఎడమవైపు 0 ఉంది, కాబట్టి అది తీసివేత, అంటే రెండు విలువల మీద పనిచేసే బైనరీ ఆపరేటర్, దానికి ప్రెసిడెన్స్ తక్కువ. గుర్తు అదే, ఎడమవైపు ఏముందో చూసి పని మారిపోతుంది. ఎక్సెల్ లోపలే ఉండే, మాక్రోలు రాసే వీబీఏ భాష మాత్రం -2^2 కి -4 ఇస్తుంది. ఒకే ఫైల్‌లో షీట్ ఒక జవాబు, మాక్రో ఇంకో జవాబు చెప్పగలవన్నమాట.

ఇది క్విజ్ ప్రశ్న వరకే ఆగదు. స్టాటిస్టిక్స్‌లో గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్ గీయాలంటే e పవర్ మైనస్ x స్క్వేర్ లాంటి లెక్క కావాలి. ఏ1 సెల్‌లో 3 పెట్టి, ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్‌లో -ఏ1^2 అని రాస్తే రావాల్సింది సుమారు 0.000123. ఎక్సెల్ ఇచ్చేది సుమారు 8103, ఎందుకంటే మైనస్ 9 బదులు ప్లస్ 9 లోపలికి వెళ్ళింది. ఎర్రర్ ఏమీ రాదు, సెల్ ఎర్రగా మారదు, తప్పు అంకె మామూలు అంకెలాగే కూర్చుంటుంది. -(ఏ1^2) అని బ్రాకెట్ పెడితే సరిపోతుంది, కానీ పెట్టాలని తెలియాలి కదా. ఇన్నేళ్ళ తర్వాత రూల్ మార్చడం కూడా కుదరని పని, మారిస్తే పాత షీట్లన్నిట్లో జవాబులు చెప్పాపెట్టకుండా మారిపోతాయి.

జావాస్క్రిప్ట్ దారి వేరు. పవర్ ఆపరేటర్ ఆ భాషలోకి 2016లో వచ్చింది, అప్పటికే ఈ గొడవ అందరికీ తెలుసు కాబట్టి రెండు అర్థాల్లో ఏదో ఒకటి ఎంచుకునే బదులు, బ్రాకెట్ లేకుండా రాస్తే ఒప్పుకునేదే లేదు అన్నారు. (-2) ** 2 అనో -(2 ** 2) అనో స్పష్టంగా రాయాల్సిందే. మూడు పద్ధతుల్లో ఇదే మేలు, చదివేవాడు ఊహించాల్సిన అవసరం ఉండదు.

అంకెకి అంటుకున్న మైనస్, అంటుకోని మైనస్

ఇదే సమస్య ఇంకో రూపంలో రస్ట్, రూబీ మధ్య కనిపిస్తుంది. రెండిట్లోనూ ఒక అంకె పక్కన చుక్క పెట్టి ఆబ్సల్యూట్ వాల్యూ మెథడ్‌ని పిలవొచ్చు. రూబీలో -2 కి అలా పిలిస్తే 2 వస్తుంది, రూబీ మైనస్‌ని అంకెలో భాగంగానే చదువుతుంది. రస్ట్‌లో అంకెకి టైపు తగిలించి (-2_i32 అని) అదే చేస్తే -2 వస్తుంది, ఎందుకంటే చుక్కకి ప్రెసిడెన్స్ ఎక్కువ, ముందు 2 కి ఆబ్సల్యూట్ తీసి ఆ తర్వాత మైనస్ తగిలిస్తుంది. మైనస్ తీసేయడానికి ఉన్న ఫంక్షన్‌ని పిలిచినా మైనస్ మిగిలిపోయింది అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళు జుట్టు పీక్కోవడంలో వింతేం లేదు.

దీన్ని మొదట్లోనే పసిగట్టి వేరే గుర్తు వాడిన భాషలూ ఉన్నాయి. ఏపీఎల్‌లో నెగటివ్ అంకెకి కాస్త పైన గీసే చిన్న గీత ఉంటుంది, తీసివేతకి మామూలు మైనస్. స్టాండర్డ్ ఎంఎల్‌లో మైనస్ 5 ని ~5 అని రాస్తారు. అలవాటుకి దూరంగా ఉండడం వల్లో ఏమో మిగతా భాషలు ఈ దారి పట్టలేదు.

రెండు మైనస్‌లు కలిస్తే

కంపైలర్ అక్షరాలు చదివేటప్పుడు వీలైనంత పొడుగు ముక్కని ఒకేసారి పట్టుకుంటుంది. అ+++ఆ అని రాస్తే సీ దాన్ని అ++ + ఆ అని విడదీస్తుంది, అ + ++ఆ అని కాదు. (ఉదాహరణల్లో వేరియబుల్ పేర్లు తెలుగులో ఉన్నాయి, పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ తెలుగు అక్షరాల పేర్లని నిజంగానే ఒప్పుకుంటాయి, కీవర్డ్‌లు మాత్రం వాటివే.) 5 లోంచి మైనస్ 3 తీసేయాలంటే సీలో 5 - -3 అని మధ్యలో ఖాళీ ఉంచాలి, కలిపేసి 5--3 అంటే అది -- ఆపరేటర్ అయిపోయి ఎర్రర్ వస్తుంది.

డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఇది ఇంకాస్త ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ -- అంటే కామెంట్ మొదలైనట్టు, కామెంట్‌ని డేటాబేస్ చదవకుండా వదిలేస్తుంది. బ్యాలెన్స్-చెల్లింపు అనే క్వెరీలో చెల్లింపు చోట ప్రోగ్రామ్ -1 ని అతికిస్తే అది బ్యాలెన్స్--1 అవుతుంది, లైనులో మిగతాదంతా కామెంట్ కింద ఎగిరిపోతుంది. సరిగ్గా ఈ కారణంతోనే మైఎస్‌క్యూఎల్ -- తర్వాత ఖాళీ ఉంటేనే దాన్ని కామెంట్‌గా తీసుకుంటుంది. అందుకే అక్కడ 5--1 అంటే 6.

ఈ పాత సంగతే 2024 ఫిబ్రవరిలో పెద్ద సెక్యూరిటీ వార్త అయింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌ని జావాతో కలిపే జేడీబీసీ డ్రైవర్‌లో సీవీఈ-2024-1597 అనే లోపం బయటపడింది (సీవీఈ అంటే సెక్యూరిటీ లోపాలకి ఇచ్చే నంబరు). డ్రైవర్‌ని డిఫాల్ట్ కాని సింపుల్ మోడ్‌లో పెట్టి, క్వెరీలో ఒక అంకె ప్లేస్‌హోల్డర్‌కి (విలువ తర్వాత వచ్చి కూర్చునే ఖాళీ చోటుకి) ముందు ఆనుకుని మైనస్ ఉండి, అదే లైనులో తర్వాత ఒక స్ట్రింగ్ ప్లేస్‌హోల్డర్ ఉంటే చాలు. దాడి చేసేవాడు అంకె చోట -1 పంపిస్తాడు, ముందున్న మైనస్‌తో కలిసి -- అవుతుంది, కామెంట్ మొదలై స్ట్రింగ్ చుట్టూ ఉన్న కోట్‌ని మింగేస్తుంది, ఇక స్ట్రింగ్‌లో కొత్త లైను పెట్టి తనకి కావాల్సిన ఎస్‌క్యూఎల్ నడిపించుకోవచ్చు. ప్లేస్‌హోల్డర్లు వాడితే ఇంజెక్షన్ (బయటివాళ్ళు తమ ఎస్‌క్యూఎల్‌ని దూర్చడం) భయం లేదు అని అందరూ నమ్మే చోట యూనరీ మైనస్ ఒకటి తలుపు తీసింది. పరిష్కారం కూడా ఆ లెవెల్‌లోనే ఉంది, అతికించే ప్రతి విలువనీ బ్రాకెట్లలో చుట్టేశారు. కొద్ది రోజులకే గో భాషలో వాడే పీజీఎక్స్ లైబ్రరీలోనూ ఇదే రకం లోపానికి సీవీఈ-2024-27289 వచ్చింది.

బిట్ల లెవెల్‌లో ఏం జరుగుతుంది

పూర్ణాంకాల విషయంలో మైనస్ గుర్తు మెమరీలో విడిగా ఎక్కడా ఉండదు. ఇప్పటి కంప్యూటర్లు పూర్ణాంకాలని టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో దాస్తాయి. 8 బిట్లలో 5 అంటే 00000101. దీని మీద ~ వాడితే బిట్లన్నీ తిరగబడి 11111010 అవుతుంది, ఈ పద్ధతిలో దాని విలువ -6. దానికి 1 కలిపితే 11111011, అదే -5. అంటే మైనస్ పెట్టడం అంటే బిట్లు తిప్పి ఒకటి కలపడమే, ~5 అంటే -6 ఎందుకొస్తుందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇదే లెక్క -128 మీద చేస్తే? 8 బిట్లలో -128 అంటే 10000000. తిప్పితే 01111111, ఒకటి కలిపితే మళ్ళీ 10000000. మైనస్ పెట్టినా -128 గానే మిగిలింది. 8 బిట్లలో పట్టే పెద్ద పాజిటివ్ అంకె 127, కాబట్టి 128 కి చోటే లేదు. 32 బిట్లలో అదే కథ -2147483648 దగ్గర జరుగుతుంది. జావాలో ఆ అంకెకి ఆబ్సల్యూట్ వాల్యూ అడిగితే -2147483648 అనే నెగటివ్ అంకెనే తిరిగిస్తుంది. హ్యాష్ కోడ్‌కి ఆబ్సల్యూట్ తీసి అర్రే సైజుతో భాగించి, మిగిలిన శేషాన్ని ఇండెక్స్‌గా వాడే కోడ్ ఎప్పుడో ఒకసారి నెగటివ్ ఇండెక్స్‌తో క్రాష్ అవ్వడానికి ఇదే కారణం, అలాంటి బగ్ టెస్టింగ్‌లో దొరకడం కూడా కష్టం. జావా 8 లో మైనస్ పెట్టడానికి, జావా 15 లో ఆబ్సల్యూట్ తీయడానికి, ఇలాంటి చోట ఎక్సెప్షన్ ఇచ్చే వేరే ఫంక్షన్లు చేర్చారు. సీలో ఈ పని అన్‌డిఫైన్డ్ బిహేవియర్, ఏం జరిగినా అడిగే హక్కు లేదు. రస్ట్ డీబగ్ బిల్డ్‌లో ప్రోగ్రామ్ ఆగిపోతుంది, రిలీజ్ బిల్డ్‌లో చుట్టు తిరిగి అదే అంకె వస్తుంది. పైథాన్ పూర్ణాంకాలకి సైజు హద్దు లేదు కాబట్టి ఈ బాధ దానికి లేదు.

సీ హెడర్ ఫైల్‌లో అతి చిన్న ఇంటిజర్‌ని -2147483648 అని రాయకుండా -2147483647 - 1 అని వంకరగా రాసేదీ ఇందుకే. మైనస్ అంకెలో భాగం కాదు కదా, కంపైలర్ ముందు 2147483648 ని చదవాలి, అది 32 బిట్ల ఇంటిజర్‌లో పట్టదు, టైపే మారిపోతుంది.

++ కథ

మిగతా యూనరీ ఆపరేటర్లు విలువ లెక్కగట్టి ఇచ్చేస్తాయి, వేరియబుల్ జోలికి పోవు. ++, -- మాత్రం వేరియబుల్‌ని మార్చేస్తాయి, పైగా ఒక విలువ కూడా ఇస్తాయి. ఒకే గుర్తుకి రెండు పనులు అప్పగించడమే ఇక్కడి ఇబ్బందులన్నిటికీ మూలం.

వీటిని కనిపెట్టింది కెన్ థాంప్సన్, సీకి ముందున్న బీ భాషలో. పీడీపీ-11 కంప్యూటర్‌లో ఆటో ఇంక్రిమెంట్ అడ్రసింగ్ ఉంది కాబట్టి దానికోసమే ++ పెట్టారు అని చాలా చోట్ల చెబుతుంటారు. అది నిజం కాదని సీ సృష్టికర్త డెన్నిస్ రిచీ 1993లో సీ చరిత్ర రాస్తూ తేల్చేశారు, బీ తయారయ్యేటప్పటికి పీడీపీ-11 అసలు లేదు. అంతకుముందున్న పీడీపీ-7 లో ఆటో ఇంక్రిమెంట్ మెమరీ సెల్స్ కొన్ని ఉండేవి, ఆలోచన అక్కడ్నుంచి వచ్చి ఉండొచ్చు, దానికంటే బలమైన కారణం ++ కి తయారయ్యే కోడ్ మామూలుగా ఒకటి కలిపి రాసే కోడ్ కంటే చిన్నగా ఉండడం అయ్యుండొచ్చని ఆయన అంచనా. చాలా కొద్ది మెమరీతో బతికిన రోజులవి, నాలుగు మెమరీ వర్డ్‌లు మిగిలినా లాభమే.

గుర్తు ముందుంటే ప్రీ, వెనకుంటే పోస్ట్. లెక్క = 5 అయితే ++లెక్క ముందు 6 చేసి 6 ఇస్తుంది, లెక్క++ వేరియబుల్‌ని 6 చేస్తుంది గానీ చేతికి మాత్రం పాత 5 ఇస్తుంది. పోస్ట్ అంటే లైనంతా అయ్యాక పెరుగుతుంది అని కొందరు చెప్పేది సరికాదు, పాత విలువని పక్కన పెట్టుకుని ఇవ్వడమే దాని పని. జావాలో లెక్క = లెక్క++ అని రాస్తే లెక్క ఎప్పటికీ 5 గానే ఉండిపోతుంది. బైట్‌కోడ్ (జావా కంపైలర్ తయారుచేసే సూచనలు) చూస్తే సంగతి విప్పినట్టు తెలుస్తుంది: ఐలోడ్ పాత 5 ని స్టాక్ మీద పెడుతుంది, ఐఇంక్ వేరియబుల్‌ని 6 చేస్తుంది, చివర్లో ఐస్టోర్ స్టాక్ మీదున్న 5 ని తెచ్చి ఆ 6 మీదే రాసేస్తుంది. పెరిగింది నిజమే, పెరిగిన మరుక్షణం పాత విలువ వచ్చి చెరిపేసింది.

సీలో అదే లైను అన్‌డిఫైన్డ్ బిహేవియర్. లెక్క++ + ++లెక్క అన్నా అంతే. జావా ఎడమ నుంచి కుడికి లెక్కగడతానని మాటిచ్చింది కాబట్టి అక్కడ 5 + 7 = 12 అని కచ్చితంగా చెప్పొచ్చు, సీ స్టాండర్డ్ అలాంటి మాటేమీ ఇవ్వలేదు. ఇంజనీరింగ్ ఫస్టియర్ సీ క్వశ్చన్ పేపర్లలోనూ, ప్లేస్‌మెంట్ కోచింగ్ ఎంసీక్యూల్లోనూ ఈ రకం లైన్లు ఇచ్చి అవుట్‌పుట్ ఎంత అని అడుగుతుంటారు, ల్యాబ్‌లో ఏ కంపైలర్ ఉందో దాంట్లో వచ్చిన అంకెని జవాబుగా పెడతారు. ఆ ప్రశ్నకి కరెక్ట్ జవాబు లేదు అన్నదే కరెక్ట్ జవాబు, ఆ ఆప్షన్ లేని పేపర్ పిల్లలకి తప్పు నేర్పిస్తున్నట్టే. సీ++ 17 నుంచి అసైన్‌మెంట్‌లో కుడివైపు ముందు పూర్తవ్వాలని రూల్ వచ్చింది కాబట్టి అక్కడ లెక్క = లెక్క++ కి అర్థం కుదిరింది, లెక్క++ + ++లెక్క కి మాత్రం ఇప్పటికీ లేదు.

ఇంత తలనొప్పి ఉన్నా ++ ని ఎందుకు మోశారంటే సీలో పాయింటర్లు (మెమరీలో ఒక చోటుని చూపించే వేరియబుల్స్) ఉన్నాయి కాబట్టి. *గమ్యం++ = *మూలం++ అని ఒక లూప్‌లో పెడితే స్ట్రింగ్ కాపీ అయిపోతుంది, ఒక అక్షరం రాసి రెండు పాయింటర్లూ ఒక్కో అడుగు ముందుకి జరుగుతాయి. పాయింటర్ లెక్కలు లేని భాషలో ఈ సుఖం ఉండదు, గుర్తు మాత్రం మిగులుతుంది. అందుకే గో భాష ++ ని ఉంచింది గానీ వెనకవైపు మాత్రమే, అదీ ఒక స్టేట్‌మెంట్‌గా మాత్రమే, విలువ ఇవ్వదు కాబట్టి ఇంకో లెక్కలో ఇరికించడం కుదరదు. స్విఫ్ట్ మొదట్లో ఉంచి, 2016లో వచ్చిన స్విఫ్ట్ 3 లో పూర్తిగా తీసేసింది, += 1 కంటే పెద్దగా పొట్టి కూడా కాదు, కొత్తవాళ్ళకి బరువు తప్ప ఏం లాభం అన్నది వాళ్ళ వాదన. రస్ట్, రూబీ, పైథాన్ అసలు తీసుకోలేదు.

పైథాన్‌లో ఒక తిరకాసు ఉంది. లెక్క++ అంటే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, ++లెక్క అంటే మాత్రం ఏ ఎర్రరూ రాదు, పైథాన్ దాన్ని ప్లస్ ఆఫ్ ప్లస్ ఆఫ్ లెక్క అని చదివి అదే విలువ ఇచ్చి ఊరుకుంటుంది. సీ నుంచి వచ్చినవాళ్ళు లూప్‌లో ఇది రాస్తే కౌంటర్ కదలదు, లూప్ ఆగదు.

ప్రీ వేగంగా ఉంటుంది, పోస్ట్ నిదానం అనే మాట మామూలు ఇంటిజర్ల విషయంలో ఇప్పుడు చెల్లదు, ఫలితం వాడనప్పుడు కంపైలర్ రెండిటికీ ఒకటే కోడ్ ఇస్తుంది. సీ++ ఇటరేటర్ల లాంటి ఆబ్జెక్ట్‌ల దగ్గర మాత్రం పోస్ట్ పాత ఆబ్జెక్ట్‌ని కాపీ తీసి ఇవ్వాలి కాబట్టి ఖర్చు ఉండొచ్చు.

నాట్ ఎంతవరకు పట్టుకుంటుంది

! అంటే నాట్, కాదు అని. సీలో !లెక్క == 5 అని రాస్తే, లెక్క 5 కాకపోతే అనే అర్థం రాదు. ! కి ప్రెసిడెన్స్ ఎక్కువ, ముందు !లెక్క అంటే 0 గానీ 1 గానీ అవుతుంది, అది 5 తో ఎప్పటికీ సమానం కాదు, కండిషన్ ఎప్పుడూ ఫాల్స్. పైథాన్‌లో నాట్ అనే మాట వాడి అదే రాస్తే సరిగ్గా అనుకున్న అర్థమే వస్తుంది, ఎందుకంటే పైథాన్ నాట్‌ని పోలికల కంటే కింద పెట్టింది. జావాస్క్రిప్ట్‌లో !పేరు ఇన్ ఆబ్జెక్ట్ అనే పద్ధతిలో రాసే కోడ్ కూడా ఇదే గుంటలో పడుతుంది, పేరు ఫాల్స్‌గా మారి, ఆబ్జెక్ట్‌లో ఫాల్స్ అనే కీ ఉందా అని వెతుకుతుంది.

ప్లస్ ఊరికే లేదు

యూనరీ ప్లస్ ఏమీ చేయదు అనుకుంటారు గానీ జావాస్క్రిప్ట్‌లో అది స్ట్రింగ్‌ని నంబర్‌గా మార్చే షార్ట్‌కట్, +"5" అంటే 5. ఖాళీ స్ట్రింగ్‌కి వాడితే 0 వస్తుంది, ఫామ్‌లో ఏమీ నింపని బాక్స్‌ని 0 అని నింపినట్టు లెక్కేస్తారు కాబట్టి జాగ్రత్త. సీలో ఒక క్యారెక్టర్ ముందు పెడితే దాన్ని ఇంటిజర్ చేస్తుంది. పైథాన్ డెసిమల్ టైపులో అప్పటి ప్రిసిషన్‌కి రౌండ్ చేస్తుంది, కౌంటర్ అనే లెక్కపెట్టే టైపు మీద వాడితే సున్నా, నెగటివ్ లెక్కలున్న ఎంట్రీలు తీసేస్తుంది. ఎక్సెల్‌లో అకౌంట్స్ వాళ్ళు ట్రూ, ఫాల్స్‌లని 1, 0 చేయడానికి సమ్‌ప్రొడక్ట్ లోపల -- పెట్టేది కూడా ఈ కోవదే, మొదటి మైనస్ ట్రూని -1 చేస్తుంది, రెండోది 1 చేస్తుంది.

భాషలు ఎటు వెళ్తున్నాయి

సీలో ఒక పాత దిద్దుబాటు ఉంది. బీలోనూ, సీ తొలిరోజుల్లోనూ ఇప్పటి -= ని =- అని తిప్పి రాసేవాళ్ళు. అప్పుడు లెక్క=-10 అంటే లెక్కలోంచి 10 తీసేయమనా, లెక్కలో మైనస్ 10 పెట్టమనా? రిచీ దాన్ని పొరపాటు అనే రాశారు, 1976లో సరిచేశారు. అప్పట్లో సీ వాడేవాళ్ళు తక్కువ కాబట్టి అది కుదిరింది, ఇప్పుడు ఏ పెద్ద భాషకీ ఆ వెసులుబాటు లేదు.

అందుకని పాత భాషల్లో రూల్ మార్చకుండా వార్నింగ్‌లు పెంచుతున్నారు. జీసీసీ అనే సీ కంపైలర్‌లో -Wall ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే !లెక్క == 5 దగ్గరా, లెక్క = లెక్క++ దగ్గరా హెచ్చరిక వస్తుంది, కానీ ఆప్షన్ పెట్టకుండానే ల్యాబ్ రికార్డులు పూర్తిచేసే అలవాటు ఎక్కువ. పైథాన్ 3.12 నుంచి బూలియన్ మీద ~ వాడితే డిప్రికేషన్ వార్నింగ్ (ఇది ఇక వాడొద్దు అనే హెచ్చరిక) వస్తోంది. ~ట్రూ అంటే ఫాల్స్ వస్తుందని అనుకుంటాం, పైథాన్‌లో ట్రూ అంటే లోపల 1, కాబట్టి వచ్చేది -2. అది సున్నా కాదు కదా, ఇఫ్ కండిషన్‌లో పెడితే మళ్ళీ ట్రూగానే లెక్క.